ఓరుగల్లు మధ్యకోట: తోరణాల నడుమ ఏడు శతాబ్దాలు

వరంగల్ కోటలో నాలుగు కీర్తితోరణాల నడుమ ఉన్న స్థలం ఐదెకరాలకు కాస్త తక్కువ. ఉత్తర, దక్షిణ తోరణాల మధ్య దూరం సుమారు 480 అడుగులు. తూర్పు, పడమర తోరణాల మధ్య 433 అడుగులు. కాకతీయుల రాజ్యదైవం స్వయంభూదేవుడి ఆలయం ఇక్కడే ఉండేది. ఆ ఆలయాన్ని విప్పేసి, దాని రాళ్లతోనే ఢిల్లీ సుల్తానుల కాలంలో మసీదు కట్టారు. మసీదు కూడా శిథిలమైంది. పడమటి వైపు దర్బారు మహలు ఒకటి వెలిసింది. రాజ్యాలు పోయాక చుట్టూ పొలాలు, ఇళ్లు వచ్చాయి. ఇన్ని మార్పుల్లోనూ నాలుగు తోరణాలు నిలిచిన చోటనే నిలిచి ఉన్నాయి. ఇప్పుడు స్థానికులు ఈ ప్రాంతాన్ని మధ్యకోట అంటారు. దీనికి అటూ ఇటూ తూర్పుకోట, పడమరకోట వాడలున్నాయి. తెలుగు నేల మీద ఒక రాజధాని నడిబొడ్డు శతాబ్దాల పాటు ఎలా మారుతూ వచ్చిందో రాళ్లను బట్టే వరుసగా చెప్పగలిగిన చోట్లు కొన్నే ఉన్నాయి. వాటిలో మధ్యకోట ముందు వరుసలో ఉంటుంది.

కాకతీయుల తొలి రాజధాని ఓరుగల్లు కాదు, దానికి వాయవ్యాన కొండల మధ్య ఉన్న అనుమకొండ. 1163లో రుద్రదేవుడు అక్కడ వేయిస్తంభాల గుడి కట్టించి, శాసనం వేయించి, కళ్యాణి చాళుక్యుల సామంతుడిగా కాక స్వతంత్ర రాజుగా తనను చాటుకున్నాడు. ఆ తర్వాతే చూపు తూర్పున మైదానంలో ఉన్న ఒంటి రాతిగుట్ట మీదికి మళ్లింది. ఏకశిల గుట్టగా పిలిచే ఆ గుట్ట చుట్టూ కొత్త నగరం రూపుదిద్దుకుంది. రుద్రదేవుడి కాలంలో మొదలైన పని గణపతిదేవుడి కాలంలో, అంటే 1199 నుంచి 1262 వరకు సాగిన సుదీర్ఘ పాలనలో, ఒక కొలిక్కి వచ్చింది. కూతురు రుద్రమదేవి గోడలను మరింత ఎత్తు చేయించి మట్టికోటను, దాని చుట్టూ అగడ్తను కట్టించిందని సంప్రదాయం చెబుతుంది.

నగరం వలయాలుగా ఉంటుంది. లోపలిది రాతికోట. దాని వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు, బురుజులు 45. పెద్ద పెద్ద గ్రానైటు దిమ్మెలను సున్నం లేకుండా ఒకదానిలో ఒకటి ఇమిడేలా చెక్కి పేర్చారు. గోడ లోపలి వైపున పొడవునా మెట్లున్నాయి. సైనికులు ఎక్కడి నుంచైనా పైకి ఎక్కవచ్చు. రాతికోటకు బయట మట్టికోట, వ్యాసం సుమారు 2.4 కిలోమీటర్లు. దానికీ ఆవల పన్నెండు కిలోమీటర్లకు పైగా వ్యాసంతో మరో మట్టికట్ట ఉంది. రాతికోటకు నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు. వాటిలో నేరుగా లోపలికి నడిచే వీలు లేదు. ఒకసారి, మళ్లీ ఒకసారి మలుపు తిరిగితే గాని లోపలికి చేరుకోలేరు. శత్రువును నిలవరించడానికి ఆ మలుపులు అవసరం. అయితే నాలుగు ద్వారాల మలుపులనూ ఒకే వరుసలో తిప్పడం వల్ల కోట పటం మీద స్వస్తికను పోలిన ఆకారం ఏర్పడిందని, వలయాకార నగరం మొత్తాన్ని విశ్వానికి నమూనాగా ఊహించి ఉంటారని జార్జ్ మిచెల్ 1992లో ప్రచురించిన వ్యాసంలో వాదించాడు. ఆ వాదనను పూర్తిగా ఒప్పుకున్నా, లేకున్నా ఒక సంగతి మాత్రం తిరుగులేనిది. నాలుగు దిక్కుల ద్వారాలకూ నడిమధ్యన రాజభవనం లేదు, దేవుడి గుడి ఉంది. కాకతీయ నగరానికి ఇరుసు స్వయంభూ శివుడు. రాజు ఆయన పేరున పాలించేవాడు.

ఆ గుడి ఎంత పెద్దదో ఊహించడానికి తోరణాలే ఆధారం. ఒక్కో తోరణంలో బరువైన స్తంభాలు, వాటి మీద దూలాలు, దూలాల కింద స్తంభాల నుంచి సాగి వచ్చిన వంపు చేతులు ఉంటాయి. వాటి మీద మొగ్గల వరుసలు, పూలదండలు, మకరాలు, హంసలు చెక్కారు. దేవతామూర్తులు మాత్రం లేవు. తర్వాతి చరిత్రలో ఈ చిన్న విషయానికి ఎంతో ప్రాధాన్యం వచ్చింది. నాలుగూ ఒకే నమూనాలో ఉండటం కూడా మామూలు సంగతి కాదు. దక్షిణాది గుళ్లలో సాధారణంగా తూర్పు ద్వారానికి ఉండే గౌరవం మిగతా వాటికి ఉండదు. ఇక్కడ నాలుగు దిక్కులకూ సమాన గౌరవం దక్కింది. లోపలి దేవుడు కూడా నాలుగు ముఖాల లింగం. తోరణాల ఆవరణకు దక్షిణాన, నేటికీ పూజలు జరుగుతున్న శంభుని గుడిలో నాలుగు ముఖాల లింగం ఉంది. స్వయంభూ ఆలయ రూపకల్పనకు, ఆ లింగం రూపానికి ఉన్న పొందికను పరిశోధకులు గుర్తించారు.

గుడి ఒక్కసారిగా పూర్తి కాలేదు. గణపతిదేవుడి తర్వాత పాలించిన రుద్రమదేవి ఇక్కడ రంగమంటపం కట్టించింది. సింహం మీద కూర్చుని ఖడ్గం, డాలు పట్టిన స్త్రీమూర్తి శిల్పాలు ఈ మంటపానివే. చరిత్రకారులు వాటిని ఆమె స్వరూపంగా భావిస్తారు. ప్రధాన ఆలయం చుట్టూ చిన్న గుళ్లు, మంటపాలు కూడా ఉండేవి. ఆవరణలో మట్టి తొలగించి శుభ్రం చేసినప్పుడు బయటపడిన పునాదులు, నేలబండలు, నందులు, స్తంభాల ముక్కలు, హంసల పట్టికలు ఇప్పటికీ అక్కడే వరుసల్లో పేర్చి ఉన్నాయి. వాటిలో నల్లని, నునుపైన రాతిలో చెక్కినవీ, గరుకు గ్రానైటులో మలిచినవీ రెండూ ఉన్నాయి.

గుడికి ఆవల నగరం ఎలా ఉండేదన్నది రాళ్ల నుంచి తక్కువగా, సాహిత్యం నుంచి ఎక్కువగా తెలుస్తుంది. ఇళ్లు మట్టివి, కర్రవి, అవి మిగలలేదు. బావులు మిగిలాయి. కోట లోపలి శృంగారపు బావి, అక్కాచెల్లెళ్ల బావి, కోటకు దగ్గరలోని శివనగర్ మెట్లబావి మెట్లు దిగి నీళ్లు తోడుకునే ఆనాటి ఏర్పాటుకు సాక్ష్యాలు. వినుకొండ వల్లభరాయుడి పేరున ప్రచారంలో ఉన్న క్రీడాభిరామం ఇద్దరు మిత్రులను ఓరుగల్లు వీధుల్లో ఒక రోజంతా తిప్పుతుంది. పూటకూళ్ల ఇల్లు, అంగళ్లు, ఆటపాటలు, ఏకవీర వంటి గ్రామదేవతల గుళ్లు అందులో కనిపిస్తాయి. సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసినప్పుడు ఈ చిన్న కావ్యాన్ని విరివిగా వాడుకున్నాడు. కావ్యం కాకతీయ పతనం తర్వాతిది కనుక, అందులోని ఊరు కొంతవరకు జ్ఞాపకాల ఊరు. పురావస్తు పరిశోధన దాన్ని నమ్మాలి, కానీ కొలిచి చూసి నమ్మాలి.

ఢిల్లీ సైన్యం ఓరుగల్లు గోడల దగ్గరికి చేరింది 1310 జనవరిలో. అల్లావుద్దీన్ ఖిల్జీ సేనాని మలిక్ కాఫూర్ బయటి మట్టికోటను ముట్టడించి ఛేదించాడు. కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు ఏనుగులు, గుర్రాలు, ధనం అప్పగించి సంధి చేసుకున్నాడు. ఆ దండయాత్రను వర్ణించిన అమీర్ ఖుస్రో ఉక్కు ఈటె కూడా దిగనంత గట్టి మట్టిగోడ గురించి, దాని లోపలి రాతికోట గురించి ప్రత్యేకంగా రాశాడు. ఆస్థాన రచయిత అతిశయోక్తులను పక్కన పెట్టినా, ఆ వర్ణన నేటి కోట కొలతలతో చక్కగా సరిపోతుంది. బయట మట్టి, లోపల రాయి, మధ్యన నీటి కందకం. 1318లో ఖుస్రో ఖాన్ నాయకత్వంలో మరో సైన్యం వచ్చింది. 1321లో గియాసుద్దీన్ తుగ్లక్ కొడుకు ఉలుగ్ ఖాన్ ముట్టడి వేసి విఫలమయ్యాడు. రెండేళ్లకు, 1323లో, దారిలో బీదరు, బోధన్ కోటలను పట్టుకుంటూ మళ్లీ వచ్చాడు. ఈసారి కోట లొంగింది. ప్రతాపరుద్రుడిని బందీగా ఢిల్లీకి తరలించారు. దారిలోనే నర్మదా తీరంలో ఆయన ప్రాణాలు విడిచాడని ముసునూరి ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం చెబుతుంది. ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్ అయింది. ఆ పేరుతో తుగ్లక్ టంకశాల నాణేలు వెలువడ్డాయి.

మధ్యకోట రూపం అన్నిటికంటే ఎక్కువగా మారింది ఈ దశలోనే. చాలాకాలం ఈ దశను విధ్వంసం అన్న ఒక్క మాటతో దాటేసేవారు. విధ్వంసం జరగలేదని ఎవరూ అనరు. స్వయంభూ ఆలయాన్ని రాయి రాయిగా విప్పేశారు. అయితే కథ అంతటితో ఆగిపోలేదు. ఫిలిప్ వాగనర్, జాన్ హెన్రీ రైస్ 2001లో ప్రచురించిన పరిశోధన మధ్యకోటలో అప్పటిదాకా ఎవరూ గమనించని తుగ్లక్ కాలపు కట్టడాల జాడలను గుర్తించింది. విప్పిన ఆలయపు స్తంభాలు, రాళ్లతోనే ఆవరణలో జామి మసీదు కట్టారు. నాలుగు తోరణాలను మాత్రం తాకలేదు. అవి గుడి ఆవరణకు ద్వారాలుగా ఉండేవి, ఇప్పుడు మసీదు చుట్టూ ద్వారాలయ్యాయి.

తోరణాలను ఎందుకు మిగిల్చారన్న ప్రశ్నకు జవాబు చెక్కడాల్లోనే ఉంది. వాటి మీద కూలగొట్టాల్సిన మూర్తులు లేవు. పూలదండలు, హంసలు, మకరాలు ఎవరి ద్వారానికైనా పనికొచ్చే అలంకారాలు. పైగా అవి గెలుపు గుర్తులుగా కనిపించాయి. ఒక రాజధానిని జయించినవాడికి ఆ రాజధాని ముఖద్వారాలను తన వాటిగా నిలబెట్టుకోవడం కన్నా బలమైన ప్రకటన మరొకటి ఉండదు. దిక్కుల విషయం కూడా కలిసొచ్చింది. కాకతీయ ఆవరణ దిక్కులకు సరిగ్గా అమర్చి ఉంది. ఇక్కడి మసీదుకు కావలసిన పడమటి ముఖం ఆ అమరికలోనే దొరికింది. పునాది గీతలు మార్చాల్సిన పని లేకపోయింది.

ఇదే కాలంలో ఇదే సైన్యం బోధన్‌లో చేసిన పనిని పక్కన పెట్టి చూస్తే ఓరుగల్లు ప్రత్యేకత తేటపడుతుంది. కామారెడ్డి, నిజామాబాద్ ప్రాంతాల వారికి పరిచయమైన బోధన్ దేవల్ మసీదు కూడా అసలు ఒక గుడి. అక్కడ కట్టడాన్ని విప్పలేదు. స్తంభాల మంటపాన్ని నిలబెట్టే, మూర్తులను చెక్కేసి, పైన గుమ్మటాలు చేర్చి మసీదుగా మార్చారు. ఒకచోట గుడిని మార్చారు, మరొకచోట గుడిని విప్పి కొత్తది కట్టారు. దేవగిరిలో ఖిల్జీల కాలంలోనే గుళ్ల స్తంభాలతో కట్టిన పెద్ద మసీదు ఉంది. ఢిల్లీలో కుతుబ్ మీనార్ పక్కన ఉన్నది దానికీ పాతది. ఓరుగల్లు ఈ వరుసలోదే. కానీ రాజ్యదైవం నెలవు అయినందువల్ల ఇక్కడ రెండో పద్ధతిని ఎంచుకున్నారనుకోవడం సమంజసం. బోధన్ గుడిలోని దేవుడి మీద ఏ రాజు సింహాసనమూ ఆధారపడి లేదు. స్వయంభూ శివుడి మీద కాకతీయుల సింహాసనమే ఆధారపడి ఉంది.

తోరణాలకు పడమర వైపు ఉన్న ఖుష్ మహల్ ఈ దశలోని రెండో ముఖ్య కట్టడం. సుమారు 38 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు, 12 మీటర్ల ఎత్తు ఉన్న ఒకే ఒక్క దర్బారు హాలు. గోడలు కింద మందంగా మొదలై పైకి పోతూ లోపలికి వాలుతాయి. లోపల హాలు వెడల్పునా వరుసగా పెద్ద కమానులు దాటుతాయి. 16వ శతాబ్ది పాలకుడు షితాబ్ ఖాన్ కట్టించాడని ప్రచారం ఉండటంతో దీనికి షితాబ్ ఖాన్ మహల్ అన్న పేరు కూడా ఉంది. కానీ వాలుగోడలు, కమానుల రూపం ఢిల్లీ తుగ్లకాబాద్ కట్టడాలకు, మాండూలోని హిండోలా మహల్‌కు దగ్గర చుట్టాలు. అందువల్ల ఇది 14వ శతాబ్ది తొలి భాగంలో సుల్తాన్‌పూర్ పాలకుల దర్బారుగా లేచిందన్న అభిప్రాయం ఇప్పుడు బలపడింది. షితాబ్ ఖాన్ దీన్ని వాడుకుని ఉంటాడు. వాడుకున్నవాడి పేరు కట్టించినవాడి పేరుగా జనం నోట నిలిచిపోవడం అరుదేమీ కాదు.

ఈ రెండు కట్టడాలనూ, వాటి కింది కాకతీయ పునాదులనూ పక్కపక్కన పెట్టి చూస్తే కట్టుబడిలో వచ్చిన తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కాకతీయ శిల్పులు రాయి మీద రాయి మోపి బరువును నిలువునా కిందికి దించేవారు. రెండు స్తంభాల మధ్య దూరం వాటి మీద పరిచే దూలం పొడవును మించడానికి వీల్లేదు. అందుకే వారి మంటపాల్లో స్తంభాలు దట్టంగా ఉంటాయి. తుగ్లక్ మేస్త్రీలు చిన్న రాళ్లను సున్నపు అడుసుతో కలిపి, చీలిక రాళ్లను కమానుగా అమర్చి, బరువును పక్కలకు నెట్టేవారు. పక్కకు తోసే ఆ బరువును ఆపడానికే గోడలు మందంగా, వాలుగా ఉంటాయి. ఫలితంగా నడుమ ఒక్క స్తంభం కూడా లేకుండా పెద్ద హాలు సాధ్యమైంది. నిండు దర్బారులో సింహాసనం మీద కూర్చున్నవాడు అందరికీ కనిపించాలంటే ఇలాంటి హాలే కావాలి. తెలుగు నేల మీద సున్నం కలిపి కట్టిన పెద్ద కమానులకు ఖుష్ మహల్ తొలి ఉదాహరణల్లో ఒకటి. గోల్కొండ, హైదరాబాద్ కట్టడాల చరిత్ర రాసేవారు అక్కడి నుంచి కాక ఇక్కడి నుంచి మొదలుపెట్టాల్సిన అవసరం ఉంది.

సుల్తాన్‌పూర్ పదమూడేళ్లకు మించి నిలవలేదు. అక్కడ తుగ్లక్ ప్రతినిధిగా ఉన్న మలిక్ మక్బూల్ స్వయంగా తెలుగువాడు, ప్రతాపరుద్రుడి కొలువులోంచి వెళ్లి మతం మారినవాడు. 1336 ప్రాంతంలో ముసునూరి కాపయ నాయకుడు కోటను పట్టుకోవడంతో మక్బూల్ ఢిల్లీకి వెళ్లిపోయాడు. తర్వాత ఫిరోజ్ షా తుగ్లక్‌కు ప్రధానమంత్రి అయ్యాడు. ఢిల్లీ నిజాముద్దీన్‌లో ఎనిమిది పలకలుగా ఉన్న ఆయన సమాధి కట్టడం తర్వాతి కాలపు సమాధులకు నమూనా అయింది. ఓరుగల్లు నుంచి వెళ్లిన మనిషి ఢిల్లీ వాస్తులో అలా ఒక చోటు సంపాదించాడు.

కాపయ నాయకుడు మధ్యకోటలో ఏమి చేశాడన్నది ఈ కథలో అందరి ఆసక్తినీ రేపే భాగం. స్వయంభూ ఆలయాన్ని పాత రూపంలో తిరిగి కట్టిన జాడ లేదు. ఆయన శక్తినంతా పడమటి నుంచి వచ్చే ఒత్తిడి మింగేసింది. 1347లో గుల్బర్గా కేంద్రంగా బహమనీ రాజ్యం ఏర్పడగానే మొదటి సరిహద్దు తగాదా కౌలాస్ కోట మీద వచ్చింది. కౌలాస్ నేడు కామారెడ్డి జిల్లాలో ఉంది. దాన్ని, తర్వాత గోల్కొండను కూడా కాపయ నాయకుడు బహమనీలకు వదులుకోవాల్సి వచ్చింది. ఆయన మరణం తర్వాత ఓరుగల్లు రేచర్ల పద్మనాయకుల చేతికి పోయింది. రాచకొండ, దేవరకొండ వారి అసలు స్థావరాలు. 1424-25లో బహమనీ సుల్తాను అహ్మద్ షా దాన్ని గెలుచుకున్నాడు. 1460లో ఒడిశా గజపతుల సేన పట్టుకుని కోటలో శాసనం వేయించింది. కాపయ నాయకుడి తర్వాత ఇన్ని చేతులు మారినా ఎవరూ ఇక్కడ రాజధాని పెట్టుకోలేదు. నగరం పెద్ద కోటగా మిగిలింది. రాజధాని అన్న గౌరవం జ్ఞాపకంలో మిగిలింది.

ఆ జ్ఞాపకాన్ని రాజకీయంగా వాడుకున్నవాడు షితాబ్ ఖాన్. పేరు పర్షియన్‌దే అయినా ఆయన అసలు పేరు సీతాపతి. బహమనీ కొలువులో ఎదిగి, ఆ రాజ్యం ముక్కలవుతున్న వేళ ఓరుగల్లును సొంతం చేసుకున్న తెలుగు యోధుడు. 1504 నాటి ఆయన శాసనం కాకతీయ రాజ్యలక్ష్మి అయిన దేవతను, పాంచాలరాయ కృష్ణుడిని మళ్లీ ప్రతిష్ఠించినట్టు ప్రకటించింది. కాకతీయులు పడిపోయి అప్పటికి దాదాపు రెండు వందల ఏళ్లు. ఓరుగల్లును పాలించాలంటే కాకతీయుల దేవతల దీవెన కావాలని, వారి పేరు తలుచుకుంటే తప్ప తన అధికారానికి ఒప్పుదల రాదని ఆయన భావించాడు. రిచర్డ్ ఈటన్, ఫిలిప్ వాగనర్ కలిసి 2014లో వెలువరించిన గ్రంథంలో షితాబ్ ఖాన్‌కు గణనీయమైన చోటు ఇచ్చారు. ఆ ప్రాధాన్యం న్యాయమైనదే. పర్షియన్ పేరు పెట్టుకుని, సుల్తానుల దర్బారులో ఎదిగి, తుగ్లక్ మహల్‌లో కొలువుదీరి, కాకతీయ దేవతలను ప్రతిష్ఠించిన ఒకే మనిషిలో మధ్యకోట పొరలన్నీ కలిసి కనిపిస్తాయి. ఆయనను ఏ ఒక్క గడిలో పెట్టబోయినా చరిత్ర ఒప్పుకోదు.

16వ శతాబ్ది తొలి దశకాల్లోనే కోట గోల్కొండ కుతుబ్ షాహీల వశమైంది. అప్పటి నుంచి ఓరుగల్లు పెద్ద రాజకీయ కేంద్రం కాలేదు. మధ్యకోటలో చెప్పుకోదగ్గ కొత్త కట్టడమేదీ ఆ రోజుల్లో రాలేదు. అయితే దాని ప్రభావం మరోచోట తేలింది. 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా కొత్త నగరం హైదరాబాద్‌కు చార్మినార్‌ను కేంద్రం చేశాడు. దానికి ఉత్తరాన నాలుగు దిక్కులా నాలుగు పెద్ద కమానులతో చార్ కమాన్ చౌరస్తా వెలిసింది. నాలుగు దిక్కుల ద్వారాల మధ్య కేంద్రం అన్న ఈ ఏర్పాటు వెనుక ఓరుగల్లు తోరణాల స్ఫూర్తి ఉందని వాగనర్ వాదించాడు. గోల్కొండ సుల్తానులు తెలుగు కవులను పోషించారు, తెలుగులో శాసనాలు వేయించారు, కాకతీయుల చెరువులను, సామంత కుటుంబాలను వారసత్వంగా అందుకున్నారు. కాబట్టి ఆ పాత రాజధాని నడిబొడ్డు వారి ఊహలో ఉండటం వింతేమీ కాదు. 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో కీర్తితోరణం, దాని లోపల చార్మినార్ నిలిచాయి. చిత్రకారుడు ఈ వాదనను ఎరిగి చేశాడో లేదో గానీ, రెండింటి మధ్య బంధుత్వం ఉందన్న మాటకు బలమైన ఆధారాలే ఉన్నాయి.

మొఘలుల రాకతో, ఆ తర్వాత అసఫ్ జాహీల పాలనలో వరంగల్ పట్టణం కోట బయట, మట్టెవాడ, హనుమకొండ వైపు పెరిగింది. రైలుమార్గం కూడా కోటకు బయటే పోయింది. కోట లోపల ఊరు పల్లెగా మారింది. మట్టికోట, రాతికోటల మధ్య నేల పొలాలైంది. అగడ్త కొన్నిచోట్ల చెరువుగా, కొన్నిచోట్ల మడిగా మారింది. చెక్కిన రాళ్లను ఇళ్ల పునాదులకు, గోడలకు వాడుకున్నారు. నష్టమే అయినా దీనిలో ఒక మేలుంది. పెద్ద పట్టణం దీని మీద కూర్చోలేదు కాబట్టే కాకతీయ నగర పథకం పాడవకుండా ఇంతవరకు మిగిలింది. ఓరుగల్లు గొప్ప రాజధానిగా కొనసాగి ఉంటే మధ్యకోట ఏనాడో మేడల కింద పోయేది.

శాస్త్రీయ పరిశీలన 20వ శతాబ్దిలో మొదలైంది. 1914లో హైదరాబాద్ సంస్థానంలో పురావస్తు శాఖ ఏర్పడింది. గులాం యజ్దానీ ఆధ్వర్యంలో ఆ శాఖ సంస్థానంలోని కట్టడాలను నమోదు చేసి, శాసనాలను ప్రచురించడం మొదలుపెట్టింది. షితాబ్ ఖాన్ శాసనాన్ని హీరానంద శాస్త్రి పరిష్కరించగా ఆ శాఖ తన గ్రంథమాలలోనే అచ్చు వేసింది. సంస్థానం విలీనమయ్యాక కోట భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ రక్షణలోకి వచ్చింది. మధ్యకోటలో మట్టి, పొదలు తొలగించి పునాదులను బయటపెట్టడం, పడిపోయిన శిల్పాలను ఒకచోట చేర్చడం దశలవారీగా సాగింది. దొరికిన వాటిలో కొన్నిటిని ఖుష్ మహల్‌లో భద్రపరిచారు.

ఇలాంటి చోట చరిత్ర చదివే పద్ధతి గురించి కాస్త చెప్పుకోవాలి. లోతైన గుంటలు తవ్వి పొరల మట్టిని వేరుచేయడం ఒక పద్ధతి. మధ్యకోట గురించి ఇప్పుడు తెలిసినదంతా ఎక్కువగా మరో పద్ధతి వల్ల వచ్చింది. నేల మీద ఉన్న ప్రతి గోడనూ, స్తంభాన్నీ కొలిచి పటం గీయడం, ప్రతి చెక్కిన రాయీ మొదట ఏ కట్టడంలో ఏ చోట ఉండేదో గుర్తించడం, ఇప్పుడు ఎక్కడ ఉందో నమోదు చేయడం. ఒక హంసల పట్టిక గుడి పునాది నుంచి కదిలి మసీదు గోడలోకి, అక్కడి నుంచి నేలమీదికి చేరితే దాని మీద మూడు కాలాల గుర్తులు ఉంటాయి. తిరగేసి వాడిన రాయి, సున్నం అంటుకున్న స్తంభం, మూర్తిని చెక్కేసిన చోటు, గూడు కోసం కొత్తగా తొలిచిన రంధ్రం, ఇవన్నీ ఆధారాలే. రైస్, వాగనర్ మసీదును గుర్తించింది ఇలాంటి ఓపికగల చూపుతోనే. అందరూ గుడి శిథిలాలుగా చూసిన రాళ్లలో కొన్ని గుడి పతనం తర్వాత మళ్లీ కట్టుబడిలోకి వెళ్లాయని వారు తేల్చారు.

దీని నుంచి పరిరక్షణకు సూటిగా వర్తించే విషయం ఒకటుంది. కాకతీయ పొర ఒక్కదాన్నే విలువైనదిగా ఎంచి, మిగతా వాటిని అడ్డుగా భావించి తొలగిస్తే మధ్యకోట చరిత్రలో సగం పోతుంది. కట్టుబడిలో భాగంగా ఉన్న రాయిని ఊడదీసి, శుభ్రంగా కడిగి, శిల్పంగా పేర్చి పెట్టడం అందంగానే కనిపిస్తుంది. కానీ ఆ రాయి చివరిసారి ఎక్కడ, దేనికి వాడబడిందన్న ఆధారం అప్పుడే చెరిగిపోతుంది. వరుసలుగా పేర్చి ఉన్న వందల శిల్పాల్లో చాలావాటికి ఈ గతి ఇప్పటికే పట్టింది.

ప్రపంచ వారసత్వ హోదా కోసం 2010లో వేయిస్తంభాల గుడి, వరంగల్ కోట తోరణాలు, రామప్ప గుడి మూడింటినీ కలిపి యునెస్కో తాత్కాలిక జాబితాకు పంపారు. 2021 జులైలో ఒక్క రామప్పకే హోదా దక్కింది. చుట్టూ ఊరున్న చోటు, మూడు కాలాల కట్టడాలు కలిసి ఉన్న చోటు కావడం వల్ల వరంగల్ కోట నిర్వహణ రామప్ప కన్నా ఎన్నో రెట్లు కష్టం. రాతికోట లోపల కుటుంబాలు నివసిస్తున్నాయి, పొలాలు సాగవుతున్నాయి. రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపు కొత్త నిర్మాణాలను నిషేధించే చట్టం అక్కడి వారి రోజువారీ బతుకును నేరుగా తాకుతుంది. బయటి మట్టికట్ట కొన్నిచోట్ల ఆనవాలు కూడా మిగలకుండా పట్టణంలో కలిసిపోయింది. లోపలి రెండు వలయాలు మాత్రం ఉపగ్రహ చిత్రాల్లో ఇప్పటికీ స్పష్టమైన గుండ్రాలుగా కనిపిస్తాయి.

ముందు జరగాల్సిన పనిలో మొదటిది కాకతీయుల రాజభవనం చోటును తేల్చడం. ఖుష్ మహల్ ఉన్న పడమటి వైపే పాత రాజనివాసం కూడా ఉండి ఉంటుందని, తుగ్లక్ పాలకులు దర్బారును ఆ చోటనే ఎంచుకుని కట్టారని భావించడానికి కారణాలున్నాయి. అక్కడ పొరలవారీ తవ్వకం జరిగితే, కుండపెంకులు, నాణేలు, బొగ్గు ఆధారంగా 12వ శతాబ్ది నుంచి 16వ శతాబ్ది దాకా ఒకే చోట వాడకం ఎలా మారిందో తేదీలతో చెప్పవచ్చు. గుడి, మసీదు, మహలు రాజుల చరిత్ర చెబుతాయి. ఆ మట్టిలో వంటలు, పనిముట్లు, గాజులు, గింజలు ఉంటాయి. పూటకూళ్ల ఇంట్లో ఏమి వడ్డించారో క్రీడాభిరామం చెప్పింది కానీ, ఆ ఊరి మామూలు ఇళ్లలో ఏమి తిన్నారో, ఏ కుండల్లో వండారో, 1323 తర్వాత అవి మారాయో లేదో తవ్వకమే చెప్పాలి.